బుగ్గకి తగిలిన వెలుతురు

ఒరేయ్ బావా,

నీ రెండు ఉత్తరాలకీ జవాబు రాయలేదు. తప్పు నాదే, ఎన్ని తిట్లైనా పడతాను. అమ్మ మోకాలు నయమైంది. నీ 85 ఎం.ఎం. లెన్స్‌కి ఫంగస్ తీయించాను, భద్రంగా ఉంది. మిగతా కబుర్లు తర్వాత. ముందు ఇది విను, మూడు రోజులుగా కడుపులో దాచుకోలేక చస్తున్నాను.

ఒక పత్రికవాళ్ళు వయొలిన్ టీచరుగారి పోర్ట్రెయిట్ తీయమన్నారు. డెబ్బై దాటిన మనిషి, చిన్నప్పటినుంచీ చూపు లేదు. ఆర్ట్ డైరెక్టర్ ఇచ్చిన బ్రీఫ్ ఎప్పటిలాంటిదే: రెండు పేజీల స్ప్రెడ్, మొహం కుడి పేజీలో, ఎడమవైపు శీర్షికకి ఖాళీ, మధ్య మడతలో ముక్కూ కన్నూ పడకూడదు. నలభై నిమిషాలిస్తామన్నారు, తీరా వెళ్ళేసరికి ఇరవై అయ్యాయి. అదీ మామూలే కదా.

పత్రిక తరఫున వచ్చినబ్బాయి నా చెవిలో "నల్లద్దాలు పెట్టిద్దామా సార్" అన్నాడు. గుసగుసే! ఆవిడ గది అవతలినుంచి "ఆ సంగతి నన్నే అడగొచ్చు బాబూ, అద్దాలు వద్దు" అంది. ఆ కుర్రాడి సంగతేమో గానీ నాకు మాత్రం చెమట పట్టింది. ఎందుకంటావా? మనం నోరు తెరిస్తే వచ్చేవి ఏం మాటల్రా? ఇటు చూడండి, లెన్స్‌లోకి చూడండి, కిటికీ వైపు చూడండి. ఇన్నేళ్ళుగా నా చేతిలో ఉన్న పనిముట్టంతా ఆ ఒక్క క్రియాపదమే. అది తీసేస్తే ఏం మిగిలింది నాకు? నోట మాట రాక అలాగే నిలబడిపోయాను.

ఆవిడే అందుకుంది. "నువ్వు మాట్లాడుతూ ఉండు, నీ గొంతు ఎటుంటే అటు తిరుగుతాను."

గది ఇరుకు, వెలుతురుని మెత్తబరిచే పెద్ద ఆక్టాబాక్స్ పట్టలేదు. మన పాత ఫ్లాష్ స్ట్రోబ్‌కి చిన్న రిఫ్లెక్టరూ, వెలుతురు పక్కలకి చెదరకుండా ఆపే గ్రిడ్డూ తగిలించి నాలుగడుగుల దూరంలో పెట్టాను. దాని మోడలింగ్ ల్యాంపు, అదే నీడలు ముందే చూసుకోడానికి వెలుగుతూ ఉండే దీపం, ఇంకా 250 వాట్ల హాలోజనే, దగ్గరికెళ్తే వేడి తగులుతుంది. నువ్వు ఎల్‌ఈడీది కొనమని పోరావు చూడు, కొననందుకు ఇప్పుడు దణ్ణం పెట్టుకుంటున్నాను! నాలుగు ఫ్రేములయ్యాక ఆవిడ "ఆ సన్నటి కూత ఏమిటి?" అంది. ఫ్లాష్ మళ్ళీ ఛార్జ్ అవుతోందమ్మా అన్నాను. అంతే, ఆ తర్వాత ప్రతిసారీ కూత ఆగేదాకా వేచి ఉండి, ఆగిన క్షణాన ఊపిరి వదిలి కుదురుకునేది. క్లిక్కు ఎప్పుడో నాకంటే ఆవిడకే ముందు తెలిసేది.

ఆపైన "దీపం ఎడమవైపుంది కదూ, కాస్త దగ్గరికి జరుపు" అంది. రెండడుగులకి తెచ్చాను. దూరం సగమైతే వెలుతురు నాలుగింతలు, అందుకని లెన్స్ రంధ్రాన్ని, ఎపర్చర్‌ని, 5.6 నుంచి 11కి తగ్గించాను, ఆ మాటే పైకి చెప్పాను. ఆవిడ నవ్వేసింది. "ధ్వనికీ అదే లెక్క బాబూ. పిల్లలకి రోజూ చెబుతాను." అప్పుడు అడిగాను, అమ్మా, రెండో బుగ్గ మీద కూడా వెచ్చదనం తెలుస్తోందా అని. మెల్లగా తల తిప్పుతూ వెతుక్కుంది. ఇక్కడ లేదు, ఇక్కడ ఎక్కువైంది... "ఇదుగో, కంటికింద చిటికెడు" అని ఆగిపోయింది.

వ్యూఫైండర్‌లో ఏముందనుకున్నావు? రెంబ్రాంట్ త్రికోణం! ఆ డచ్చి చిత్రకారుడి బొమ్మల్లోలా నీడలో ఉన్న బుగ్గ మీద, కంటికింద, వెలుతురు ముక్క కొలిచి పెట్టినట్టు. ఎంతమంది మోడళ్ళ గడ్డం పట్టుకుని అటూ ఇటూ తిప్పి సాధించామో ఆ త్రికోణాన్ని! ఆవిడ దాన్ని చర్మంతో పట్టుకుంది. నా చేతులు వణికాయిరా, నిజం.

మనం ఆ చుట్ట కథ ఎన్ని రాత్రులు చెప్పుకున్నాం! 1941లో ఫొటోగ్రాఫర్ కార్ష్ చర్చిల్ నోట్లోంచి చుట్ట లాగేసి ఆ చిరాకుని పట్టేసిన కథ. పోర్ట్రెయిట్ అంటే అలా లాక్కోవాలనే అనుకున్నాను ఇన్నాళ్ళూ. ఇక్కడ నేను లాక్కున్నది... సరేలే, ఇది ఎదురుగా కూర్చుని చెబుతాను.

చిక్కల్లా ఏమిటంటే, ఆ ఫ్రేములో మొహం నడిమధ్యన ఉంది. స్ప్రెడ్‌లో వేస్తే మడత సరిగ్గా ముక్కు మీద. పైగా కళ్ళు మూసుకుంది, కనుపాపలో మెరుపు చుక్క లేదు. బ్రీఫ్ ప్రకారం తీసినవి రెండూ పంపి, దీన్నీ జతచేశాను. స్వరకర్త స్ట్రావిన్‌స్కీ పియానో ఫొటోని 1946లో హార్పర్స్ బజార్ పత్రిక వద్దందని నువ్వే కదా చెప్పావు, ఆర్నాల్డ్ న్యూమన్ అంతటి ఫొటోగ్రాఫర్ తీసిందాన్ని! రాత్రంతా అదే గుర్తొచ్చింది. పొద్దున్నే ఫోన్ చేసి బతిమాలాను: స్ప్రెడ్ వద్దు, ఒక్క నిండు పేజీ ఇవ్వండి, శీర్షిక ఎదురు పేజీలో పెట్టండి అని. ఒప్పుకున్నారు! బావా, ఒప్పుకున్నారు!

ఇప్పుడు అసలు సాయం. వచ్చేటప్పుడు ఆవిడ "అచ్చయ్యాక వచ్చి ఎలా ఉన్నానో చెప్పు" అంది. నాలుగుసార్లు రాశాను, నాలుగూ కొట్టేశాను. "అందంగా వచ్చారు" అంటే ఆవిడకేం అందుతుంది? త్రికోణం అనగలను, దాని అంచు ఎంత మెత్తగా ఉందో ఏ మాటతో చెప్పను? కమాను తీగ మీంచి లేచేటప్పుడు స్వరం చివర ఎలా సన్నబడుతుందో అలా అనొచ్చా? నువ్వు నాలుగేళ్ళు వయొలిన్ నేర్చుకున్నావు కదా, అది సరైన మాటేనా, ఆవిడ ముందు అంటే తప్పుపడుతుందా? వెంటనే రాయి, వచ్చే

బండి వచ్చేసింది, హారన్ కొడుతున్నాడు. లైట్లింకా కిందికి దించలేదు. ఉంటాను.

నీ
గ్రిడ్డుగాడు