ప్రాసెస్ నీళ్లు (ఫ్యాక్టరీ మురుగు నీళ్లు) వాన కాలువలోకి పొర్లితే (ఈటీపీ, అంటే మురుగు నీటి శుద్ధి ప్లాంటు, షిఫ్టు వాళ్లందరికీ)

వర్షాలు మొదలయ్యాయి, అందుకే మళ్లీ చెబుతున్నాం. సంప్ (మురుగు నీళ్లు చేరే గుంట) పొర్లితే ఒకరు దానిలోకి నీళ్లు పంపే ఫీడ్ పంపు ఆపాలి, అదే నిమిషంలో ఇంకొకరు వాన కాలువ చివరి గేటు దించాలి. గేటు కింద కారుతుంటే ముందు పాలిథీన్ షీటు పరిచి, దాని మీద ఇసుక బస్తాలు వేయండి. బస్తాలు మాత్రమే వేస్తే సందుల్లోంచి నీళ్లు కారిపోతాయి.

గొట్టంతో కడగొద్దు. అందరూ చేసే తప్పు ఇదే: పది కిలోలీటర్లది ముప్పై అవుతుంది, పైగా గేటు దాటుతుంది. ఆగిన నీళ్లను గార్డ్ పాండ్‌కి (ఇలాంటి నీళ్లు నిలవ ఉంచే చెరువుకి) తోడేయండి.

ఆమ్లం నీళ్లయితే కాస్టిక్ సోడా (ఘాటైన క్షారం) పోయకండి, పీహెచ్ (ఆమ్ల, క్షార గుణాల కొలత, 7 అంటే తటస్థం) ఒక్కసారిగా 11 దాటేస్తుంది. సోడా యాష్ (సోడియం కార్బొనేట్ పొడి) నయం. పీహెచ్ 2 ఉంటే కిలోలీటరుకు లెక్కకు అర కిలో చాలు, కానీ మన నీళ్లలో అంతకు మించి పడుతుంది. ముందు ఒక లీటరులో కలిపి చూడండి. నురగ వస్తుంది, కొద్దికొద్దిగా వేయండి. సల్ఫైడ్, సయనైడ్ లైన్ల నీళ్లలో ఆమ్లం కలవనివ్వొద్దు, విషవాయువు వస్తుంది. గ్యాస్ మీటర్ లేకుండా గుంట దగ్గరికి వంగొద్దు.

శాంపిల్: వాన కాలువ బయటి నీళ్లలో కలిసే చోటు, దానికి ఎగువ, దిగువ. పీహెచ్ అక్కడే చూడాలి. సీఓడీ (నీళ్లలోని కాలుష్యం ఎంతో చెప్పే పరీక్ష) సీసాలో సల్ఫ్యూరిక్ ఆమ్లం వేసి పీహెచ్ 2 లోపు ఉంచి, ఐసులో పెట్టండి.

ఎంత పోయిందో ఊహించకండి: పంపు గంటకు 20 కిలోలీటర్లు, 45 నిమిషాలు పొర్లితే 15. బయటికి చుక్క పోయినా, పోయే ప్రమాదమున్నా 1974 జల చట్టం 31వ సెక్షన్ ప్రకారం పీసీబీకి (కాలుష్య నియంత్రణ మండలికి) వెంటనే చెప్పాలి. దిగువ ఊరివాళ్లకు పశువులను ఆపమని అంతకంటే ముందే ఫోన్ చేయండి.