మిషన్ లేసుకు మా ఊరి పేరెందుకు?

అయ్యా,

నకిలీ విత్తనాలు, కల్తీ నెయ్యి, డూప్లికేట్ పురుగుమందుల గురించి పత్రికల్లో వార్తలు వస్తూనే ఉన్నాయి. రావాలి కూడా. వాటి వల్ల పంటలు పోతాయి, ప్రాణాలు పోతాయి. నేను రాస్తున్న నకిలీతో ఎవరి ప్రాణమూ పోదు కాబట్టి దాన్ని ఎవరూ పట్టించుకోవడం లేదు. మిల్లులో తయారైన లేసు గుడ్డకు ‘నరసాపురం చేతి అల్లిక’ అని చీటీ కట్టి అమ్ముతున్నారు. ఎగ్జిబిషన్లలో అమ్ముతున్నారు, ఆన్‌లైన్లో అమ్ముతున్నారు, చివరికి గోదావరి జిల్లాల బజార్లలోనే అమ్ముతున్నారు.

నేను నరసాపురం మండలంలో ఒక పల్లెలో ఉంటాను. లేసు పని మా అమ్మ దగ్గర నేర్చుకున్నాను. మా వైపు ఈ పనిలో మూడు భాగాలున్నాయి. విడివిడిగా పువ్వులు అల్లేది చేతిపని. ఆ పువ్వులన్నీ కలిపి టేబుల్ క్లాత్‌గానో దుప్పటిగానో చేసేది అతుకుపని. ఆ తర్వాత కాజాకుట్టు. నాది అతుకుపని. పెద్ద దుప్పటికి వందల పువ్వులు కావాలి, అవి ఒక్క ఇంటి నుంచి రావు. ఒకావిడ చెయ్యి బిగువు, ఇంకొకావిడది వదులు. పువ్వు చేతిలోకి తీసుకోగానే ఏ ఇంటి నుంచి వచ్చిందో చెప్పేయగలను. ఎక్కడ కాస్త లాగాలో, ఎక్కడ వదలాలో చూసుకుని అతక్కపోతే దుప్పటి మంచం మీద పరిచినప్పుడు మధ్యలో ఉబ్బుతుంది. వంటా వార్పూ చేసుకుంటూ, పిల్లల్ని బడికి పంపి, మధ్యాహ్నం అరుగు మీద కూర్చుని, రాత్రి లైటు కింద కళ్లు చికిలించుకుని చేసే పని ఇది. రోజంతా అల్లినా కూలి వంద దాటని రోజులే ఎక్కువ. దారం తూచి ఇస్తారు, అల్లిన సరుకు తూచి తీసుకుంటారు. దాని మీద మా పేరు ఎక్కడా ఉండదు. ఉండే పేరల్లా మా ఊరిదే.

సంక్రాంతికి హైదరాబాద్ నుంచి వచ్చిన మా బంధువుల అమ్మాయి ఒక టేబుల్ క్లాత్ తెచ్చి చూపించింది. “పెద్దమ్మా, మీరు చెప్పే ధరలో మూడో వంతుకే వచ్చింది. మీ ఊరిదేనన్నారు” అంది. చీటీ మీద నరసాపురం అనే ఉంది. గుడ్డ తిరగేసి చూశాను. చేతితో అల్లిన పువ్వు నడిమి ఉంగరం నుంచి చివరి వరస దాకా ఒకటే దారంతో నడుస్తుంది. ఆఖరి ముడి విప్పి కొస పట్టుకుని లాగితే వరస వెనక వరస విడిపోతూ మళ్లీ నడిమి ఉంగరం దగ్గరకు వస్తుంది. ఆ టేబుల్ క్లాత్‌లో పువ్వుకు మొదలూ లేదు, చివరా లేదు. పువ్వుకూ పువ్వుకూ మధ్య అతుకే లేదు. అంచుల్లో కత్తిరించిన పోగులు పీచులాగా లేచి ఉన్నాయి. ఆ అమ్మాయి ఒప్పుకున్నాకే ఒక పోగు తీసి దీపం దగ్గర పెట్టాను. కరిగి, నల్లటి పూసలా గట్టిపడింది. నూలు దారమైతే కాగితం కాలిన వాసన వచ్చి మెత్తటి బూడిదవుతుంది. నూలుతో చేసే మిషన్ లేసు కూడా ఉంది కాబట్టి కాల్చి చూడటం ఒక్కటే సరిపోదు. తిరగేసి అతుకు చూడాలి.

బజారులో దొరికే మిషన్ లేసు ఏదీ నిజానికి క్రోషియా, అంటే మేం కొక్కెం సూదితో చేసే అల్లిక, కాదు. కొంత సరుకు ఒకేసారి ఎన్నో దారాలు నడిచే మిషన్ల మీద వస్తుంది. మరికొంత, కరిగిపోయే గుడ్డ మీద ఎంబ్రాయిడరీ కుట్టి, ఆ తర్వాత గుడ్డను కరిగించేస్తే మిగిలే కుట్టు. చూడటానికి బాగానే ఉంటుంది. దాన్ని మిషన్ లేసు అని చెప్పి ఎవరైనా అమ్ముకోవచ్చు, దాని మీద మాకే కోపమూ లేదు. తక్కువ డబ్బున్నవాళ్లు అదే కొనుక్కుంటారు, కొనుక్కోనివ్వండి. మా పేరు మాత్రం దానికి పెట్టొద్దు.

ఈ మాట అంటే కొందరు, “మీ పని మాత్రం మీ సొంతమా? మిషనరీలు నేర్పిందేగా” అంటున్నారు. అవును, పందొమ్మిదో శతాబ్దంలో మిషనరీ దొరసానులు నేర్పిన పనే. క్రోషియా సూది ప్రపంచంలో ఎవరైనా పట్టుకోవచ్చు, ఎవరినీ ఆపే హక్కు మాకు లేదు, అలాంటి హక్కు మేం అడగడమూ లేదు. కానీ వసిష్ఠ గోదావరికి ఇటూ అటూ ఊళ్లలో తరాల తరబడి ఆడవాళ్లు కళ్లు పోగొట్టుకుని అల్లితే, ఆ సరుకు ఓడలెక్కి దేశదేశాలకు పోతే, ‘నరసాపురం లేసు’ అన్న మాటకు ఒక విలువ వచ్చింది. ఆ విలువ ఎవరో నేర్పితే వచ్చింది కాదు. ఇప్పుడు దొంగిలిస్తున్నది ఆ విలువనే.

నరసాపురం క్రోషియా లేసుకు 2024లో భౌగోళిక గుర్తింపు, అంటే జీఐ ట్యాగ్ వచ్చింది. ఆ రోజు పేపర్లో చూసి మా వీధి ఆడవాళ్లందరం సంతోషించాం. 1999లో చేసిన జీఐ చట్టం ప్రకారం, ఆ పేరుతో తప్పుడు సరుకు అమ్మితే ఆరు నెలల నుంచి మూడేళ్ల దాకా జైలు, యాభై వేల నుంచి రెండు లక్షల రూపాయల దాకా జరిమానా. చట్టం గట్టిదే. ఎవరి కోసం వాడుతున్నాం అన్నదే నా ప్రశ్న.

జీఐ వచ్చినంత మాత్రాన అల్లే ప్రతి మనిషికీ దానంతట అదే హక్కు రాదు. చెన్నైలోని జీఐ రిజిస్ట్రీలో ‘అధీకృత వినియోగదారు’గా ఎవరికి వారు పేరు నమోదు చేయించుకోవాలి. అలా నమోదైన వాళ్లకే ఆ పేరూ, జీఐ లోగో వాడుకునే హక్కు. నకిలీ మీద కోర్టుకెళ్లే హక్కు కూడా, జీఐ సాధించిన సమాఖ్యతో పాటు, వాళ్లకే. 2020లో ఈ దరఖాస్తు ఫీజు ఐదు వందల నుంచి పది రూపాయలకు తగ్గించారు. పది రూపాయలు! అయినా మా వీధిలో ఒక్కరి దగ్గర కూడా ఆ కాగితం లేదు. ఉందని కూడా మాకు ఎవరూ చెప్పలేదు. ఇందులో ఇంకో మాట కూడా తెలియాలి. హస్తకళల విషయంలో ‘ఉత్పత్తిదారు’ అంటే తయారుచేసేవాళ్లే కాదు, ఆ సరుకుతో వ్యాపారం చేసేవాళ్లు కూడా అని చట్టమే చెబుతోంది. కాబట్టి షాపులవాళ్లు, ఎగుమతిదారులు కూడా నమోదు చేయించుకోవచ్చు. వాళ్లు చేయించుకోవడంలో తప్పు లేదు. అల్లేవాళ్లు ఒక్కరూ లేకుండా అమ్మేవాళ్లే నమోదైతే మాత్రం, రేపు మంచి సరుకులో మిషన్ అంచు కలిపినా అడిగే నోరు ఎవరికి ఉంటుంది?

నకిలీని పట్టుకోవడం గురించి కూడా చెప్పాలి. విదేశాల నుంచి వచ్చే మిషన్ లేసు మీద పోర్టులో దిగేటప్పుడు మా ఊరి పేరు ఉండదు. పేరు లేని సరుకును కస్టమ్స్ వాళ్లు నకిలీ అని ఎలా ఆపుతారు? చీటీ కట్టేది ఇక్కడ, మన మధ్యనే, అది ఏ సరుకో బాగా తెలిసిన చేతులే. కాబట్టి పట్టుకోవాల్సిందీ ఇక్కడే. చట్టం ప్రకారం డీఎస్పీ స్థాయికి తగ్గని పోలీసు అధికారి వారంట్ లేకుండానే సోదా చేసి సరుకు స్వాధీనం చేసుకోవచ్చు. కాకపోతే ముందుగా జీఐ రిజిస్ట్రార్ అభిప్రాయం తీసుకోవాలి. చెన్నై నుంచి ఆ ఉత్తరం వచ్చేసరికి పది రోజుల ఎగ్జిబిషన్ స్టాలు సర్దుకుని ఇంకో ఊరికి వెళ్లిపోతుంది. అందుకే అసలు సరుకు నమూనాలు, మిషన్ సరుకు నమూనాలు, రెండింటికీ తేడా రాసిన కాగితంతో సహా జిల్లాలో ముందే సిద్ధంగా పెట్టి, ఫిర్యాదు వచ్చిన రోజే పంపే ఏర్పాటు ఉండాలి. తేడా చూపించడానికి పెద్ద నిపుణులు అక్కర్లేదు. మాలో ఎవరిని పిలిచినా వచ్చి చూపిస్తాం.

మా ఆడపిల్లలు కొత్తగా కట్టే డిజైన్ల సంగతి వేరు. జీఐ కాపాడేది పేరును, డిజైన్‌ను కాదు. కొత్త పువ్వు, కొత్త అంచు అల్లి శాంపిల్ ఇస్తే, కొన్నాళ్లకు అదే మిషన్ మీద వచ్చేస్తోంది. 2000 నాటి డిజైన్ల చట్టం కింద నమోదు చేయిస్తే పదేళ్లు, ఆ తర్వాత ఇంకో ఐదేళ్లు రక్షణ ఉంటుంది. అయితే డిజైన్ నలుగురికీ తెలియకముందే దరఖాస్తు పడాలి. ముందు వాట్సాప్‌లో ఫొటో పెట్టి, అందరూ బాగుందన్నాక రిజిస్టర్ చేయిద్దామంటే కుదరదు. ఈ ఒక్క విషయం శిక్షణ తరగతుల్లో చెప్పినా ఎంతో మేలు. కుట్టు నేర్పడానికి శిక్షణలు పెడుతున్నారు, హక్కు నిలబెట్టుకోవడం మాత్రం ఎవరూ నేర్పడం లేదు.

కొనేవాళ్లకు ఒక మనవి. ప్యాకెట్ సరుకైతే ఏ దేశంలో తయారైందో, దిగుమతి చేసింది ఎవరో దాని మీద చూడండి. దిగుమతి సరుకు ప్యాకెట్ మీద ఆ వివరాలు తప్పకుండా ఉండాలి. నరసాపురం అని చెప్పి అమ్మితే అధీకృత వినియోగదారు నంబరు అడగండి. మోసపోయామనిపిస్తే వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయండి. చీరకైతే హ్యాండ్లూమ్ మార్క్, సిల్క్ మార్క్ చూసే అలవాటు మనవాళ్లలో కొంతైనా వచ్చింది. లేసుకూ రావాలి.

జిల్లా అధికారులకు, జీఐ సాధించిన సమాఖ్య పెద్దలకు నా విన్నపం ఒక్కటే. మండల కేంద్రానికి రమ్మంటే మా ఆడవాళ్లకు ఒక పూట కూలి పోతుంది. డ్వాక్రా సంఘాల సమావేశం రోజునే మా ఊళ్లకు వచ్చి నమోదు శిబిరం పెట్టండి. నరసాపురం, పాలకొల్లు, మొగల్తూరు వైపే కాదు, రేవు దాటి రాజోలు వైపు అల్లేవాళ్లను కూడా కలపండి. మా సంఘంలో డిగ్రీ చదివిన అమ్మాయిలున్నారు. ఫారాలు, నింపే పద్ధతి రాసిన కాగితం పంపితే చాలు, అందరివీ వాళ్లే నింపి పెడతారు. పది రూపాయలు ఎవరివి వాళ్లం కట్టుకుంటాం.

ఇట్లు,
లేసు అల్లుకుని బతికే ఒక మహిళ,
నరసాపురం మండలం, పశ్చిమ గోదావరి జిల్లా