పిస్టల్ కొనే ముందు దాన్ని పట్టుకునే చేతిని చూడండి

ఎడిటర్ గారికి నమస్తే,

పోలీసులకు కొత్త పిస్టళ్లు అన్న వార్త ఎప్పుడొచ్చినా అందులో కంపెనీ పేరు, ధర, ఎన్ని రౌండ్లు (తూటాలు) పడతాయి, ఇంతే ఉంటుంది. చదివినవాళ్లు కూడా ఆస్ట్రియా కంపెనీ గ్లాక్ గొప్పదా, మన ఇషాపూర్ ఫ్యాక్టరీ 9 ఎంఎం గొప్పదా అని వాదించుకుంటారు. నేను ఆర్మ్‌డ్ రిజర్వ్‌లో ఆర్మరర్‌గా చేసి రిటైరయ్యాను. ఆయుధాలు దాచే గది, బెల్ ఆఫ్ ఆర్మ్స్‌లో తుపాకులు విప్పి, తుడిచి, స్ప్రింగులు మార్చి మళ్లీ బిగించడమే నా నౌకరీ, కాబట్టి ఈ విషయం మీద నాలుగు మాటలు రాస్తున్నాను. డ్యూటీ పిస్టల్ పోటీల్లో కాల్చే పిస్టల్ లాంటిది కాదు. నెలల తరబడి నడుముకే ఉండి, ఎప్పుడో ఒకసారి, అదీ చాలాసార్లు చెయ్యి చాస్తే అందే దూరంలో, ప్రాణం మీదికి వచ్చినప్పుడు బయటికి తీయాల్సిన వస్తువు. దాన్ని ఎంచుకునేటప్పుడు అన్నింటికంటే ముందు చూడాల్సింది పట్టుకునే చెయ్యి.

పిస్టల్‌ను గట్టిగా పట్టుకున్నప్పుడు బ్యారెల్ ముంజేతికి సూటిగా ఉండాలి, అలా ఉండగానే చూపుడు వేలి కొస కండ ట్రిగ్గర్ మధ్యలో పడాలి. వేలు అందకపోతే ఏం చేస్తారు, పిడిని అరచేతిలో కొంచెం పక్కకు తిప్పుకుంటారు, అప్పుడు కాల్చినప్పుడు పిస్టల్ వెనక్కి తన్నే దెబ్బ బొటనవేలి ఎముక మీద పడుతుంది, ట్రిగ్గర్ నొక్కేటప్పుడు మూతి పక్కకు జరుగుతుంది, రౌండ్ టార్గెట్ అంచుకు పోతుంది. గ్లాక్ 17లో పదిహేడు రౌండ్లు రెండు వరసల్లో కూర్చుంటాయి కాబట్టి పిడి లావుగానే ఉంటుంది. పెద్ద చేతులున్న మనిషికి అది బ్రహ్మాండంగా ఒదుగుతుంది. మరి చిన్న చేతులున్నవాళ్ల సంగతి? మన తెలంగాణలో సివిల్ కానిస్టేబుల్ పోస్టుల్లో మహిళలకు 33 శాతం రిజర్వేషన్ ఉంది. ఫైరింగ్ రేంజ్‌లో "అన్నా, నా వేలు అందుతలేదు" అని ఆడబిడ్డలు చెప్తే, "ప్రాక్టీస్ చెయ్యమ్మా, అదే వస్తది" అనేవాళ్లను చూశాను. ఎంత ప్రాక్టీస్ చేసినా వేలు పొడుగవదు కదా. 2010లో వచ్చిన నాలుగో తరం గ్లాక్ నుంచి పిడి వెనక భాగానికి వేర్వేరు సైజుల ముక్కలు ఇస్తున్నారు, వేరే కంపెనీలు అంతకుముందు నుంచే ఇస్తున్నాయి. ఆ ముక్కలు పెట్టెలోనే ఉండిపోతే లాభం లేదు. పిస్టల్ ఇచ్చే రోజే ఆర్మరర్ పక్కన నిలబడి ఎవరి చేతికి ఏది సరిపోతుందో చూసి బిగించాలి. ఎడమచేతివాటం వాళ్లకు మ్యాగజైన్ (రౌండ్ల డబ్బా) ఊడదీసే బటన్‌ను అటువైపు మార్చే వీలుందా అన్నది కూడా అప్పుడే చూసుకోవాలి. పదిహేను రౌండ్ల గ్లాక్ 19 పిడి పొట్టిదే కానీ లావు తగ్గదు, అయినా మఫ్టీలో తిరిగేవాళ్లకు, గన్‌మన్‌లకు ఎట్లాగూ అదే నయం.

ఇక చాంబర్, అంటే పేలడానికి సిద్ధంగా రౌండ్ కూర్చునే గది సంగతి. పైన చెప్పిన మన ఇషాపూర్ 9 ఎంఎం 1ఏ పిస్టల్ పాత బ్రౌనింగ్ హై పవర్ డిజైన్. 13 రౌండ్లు, సింగిల్ యాక్షన్, అంటే హ్యామర్ (వెనకుండే సుత్తి) వెనక్కి లేచి ఉంటేనే పేలుతుంది. పొరపాటున పేలకుండా ఆపే సేఫ్టీ లివర్ చిన్నది, చెమట పట్టిన బొటనవేలితో దించాలంటే కష్టం. అందుకే మనవాళ్లు చాంబర్ ఖాళీగా ఉంచి, మ్యాగజైన్ మాత్రం పెట్టుకుని తిరుగుతారు. స్టేషన్‌లో కూర్చున్నప్పుడు అది సేఫే. కానీ మీద పడ్డవాణ్ని ఒక చేత్తో ఆపుతున్నప్పుడు రౌండ్ చాంబర్‌లోకి ఎక్కేలా పిస్టల్ పైభాగాన్ని, అంటే స్లైడ్‌ను లాగడానికి రెండో చెయ్యి ఎక్కడిది? 2025 అక్టోబరులో నిజామాబాద్‌లో నిందితుణ్ని బైక్ మీద తీసుకొస్తున్న కానిస్టేబుల్ కత్తిపోట్లకు బలయ్యాడు. తర్వాత అదే నిందితుడు ఆస్పత్రిలో కానిస్టేబుల్ తుపాకి లాక్కోబోతే కాల్పుల్లో చనిపోయాడని పోలీసులు చెప్పారు. ఆ కేసు మంచిచెడ్డలు నేను చెప్పబోవడం లేదు. పోలీసు మీదికి ఆపద ఎంత దగ్గరి నుంచి వస్తుందో, తుపాకి మీదికి ఎదుటివాడి చెయ్యి ఎంత తొందరగా వస్తుందో చెప్తున్నాను.

చాంబర్‌లో రౌండ్ పెట్టుకుని తిరగాలంటే పిస్టల్ కింద పడ్డా పేలకూడదు, అంటే ట్రిగ్గర్ నొక్కితే తప్ప తూటాను కొట్టి పేల్చే ఫైరింగ్ పిన్ కదలకుండా లోపల అడ్డం ఉండాలి. కంపెనీ కాగితం మీద రాసింది చూసి నమ్మొద్దు. అమెరికా సైన్యం ఎంచుకున్న సిగ్ పీ320 డిజైన్‌లోనే, పౌరులకు అమ్మిన పిస్టళ్లు ఒక కోణంలో కింద పడితే పేలుతున్నాయని 2017లో బయటపడింది, కంపెనీ వాటిని వెనక్కి తీసుకుని బాగు చేసిచ్చింది. కాబట్టి మన దగ్గరే పడేసి చూడాలి, తూటా, మందు లేని ఖాళీ కేసులో ప్రైమర్ (దెబ్బ తగిలితే నిప్పు రగిలించేది) మాత్రం పెట్టి, రకరకాల కోణాల్లో. అప్పుడు కూడా ట్రైనింగ్ సరిగ్గా లేనివాళ్లు చాంబర్ ఖాళీగానే ఉంచుకోవాలి, ఇందులో మొహమాటం పనికిరాదు. వాళ్లకు స్లైడ్ వేగంగా లాగడమైనా బాగా నేర్పాలి. అది బలంతో పని కాదు, పిడి పట్టిన చెయ్యి ముందుకు తోస్తుండగా రెండో చెయ్యి వెనక్కి లాగాలి.

సేఫ్టీ లివర్ ఉండాలా వద్దా అని పెద్ద గొడవ ఉంది. గ్లాక్‌కు బయట లివర్ లేదు, వేలు ట్రిగ్గర్ మీదికి పోకపోవడమే దాని సేఫ్టీ. బాగా ట్రైనింగ్ ఉన్న టీమ్‌కు అది చాలు. మన స్టేషన్లలో మాత్రం డ్యూటీ మారినప్పుడల్లా పిస్టల్ జమ చేస్తారు, మళ్లీ తీసుకుంటారు, ఒకే ఆయుధం ఎన్నో చేతులు మారుతుంది. ప్రమాదాలు ఎక్కువగా అక్కడే, తీసేటప్పుడు పెట్టేటప్పుడే జరుగుతాయి. పైగా గ్లాక్‌ను క్లీనింగ్‌కు విప్పాలంటే ముందు ట్రిగ్గర్ నొక్కాలి. చాంబర్ చూడకుండా నొక్కితే ఏమవుతుందో చెప్పనక్కర్లేదు. ట్రిగ్గర్ నొక్కకుండానే విప్పుకునే పిస్టళ్లు మార్కెట్లో ఉన్నాయి, మామూలు స్టేషన్ సిబ్బందికి నేనైతే అటువంటిదే, రెండు వైపులా బొటనవేలికి అందే పెద్ద లివర్ ఉన్నదే అడుగుతాను. నాతో ఒప్పుకోని ఆర్మరర్లు ఉన్నారు, వాళ్ల వాదనలోనూ బలముంది. పిస్టల్ ఏదైనా ప్రతి స్టేషన్‌లో లోడ్, అన్‌లోడ్ చేయడానికి ఇసుక నింపిన డబ్బా ఒకటి ఉండాలి. మూతి దాంట్లో పెట్టి, ముందు మ్యాగజైన్ తీసి, తర్వాత స్లైడ్ లాగి, చాంబర్ కళ్లతో చూసి, వేలితో తడిమి చూడాలి. మ్యాగజైన్ తీయకుండా స్లైడ్ లాగితే ఇంకో రౌండ్ లోపలికి పోతుంది.

ట్రిగ్గర్ బరువుగా చేస్తే ప్రమాదాలు తగ్గుతాయని కొందరంటారు. న్యూయార్క్ పోలీసులు అట్లాగే మామూలుగా రెండున్నర కిలోల బలంతో నొక్కే గ్లాక్ ట్రిగ్గర్‌ను దాదాపు అయిదున్నర కిలోలకు పెంచుకున్నారు. 2012 ఆగస్టులో ఎంపైర్ స్టేట్ బిల్డింగ్ ముందు ఇద్దరు పోలీసులు ఒక సాయుధుడి మీద 16 రౌండ్లు కాలిస్తే దారినపోయే తొమ్మిది మందికి పోలీసు తూటాలు, వాటి ముక్కలు తగిలాయి. తప్పంతా ట్రిగ్గర్‌దే అనలేం, కానీ అంత బరువైన ట్రిగ్గర్‌తో గురి నిలపడం కష్టమని అప్పుడు చాలామంది అన్నారు, నా అభిప్రాయమూ అదే. హనుమకొండ చౌరస్తాలోనో వరంగల్ బస్టాండ్‌లోనో కాల్చాల్సి వస్తే వెనకాల ఎందరు జనం ఉంటారో ఆలోచించండి.

తూటా సైజు గురించి ఎక్కువ రాయను. ఎఫ్‌బీఐ 1986లో మయామి కాల్పుల్లో ఇద్దరు ఏజెంట్లను పోగొట్టుకున్నాక పెద్ద తూటా కావాలని 10 ఎంఎంకు, తర్వాత పాయింట్ 40 అంగుళాల తూటాకి పోయి, చివరికి మళ్లీ 9 ఎంఎంకే వచ్చింది. దెబ్బ తక్కువ, గురి నయం, రౌండ్లు ఎక్కువ. మనకు 9 ఎంఎం చాలు.

హోల్‌స్టర్ (పిస్టల్ పెట్టుకునే ఒర) దగ్గర మాత్రం నన్ను కాస్త ఎక్కువ రాయనివ్వండి, ఎందుకంటే అందరూ ఆఖరున గుర్తుచేసుకునేది అదే. తోలు హోల్‌స్టర్ మన ఎండకు, చెమటకు మెత్తబడి పోతుంది. మెత్తబడ్డ అంచు లోపలికి మడిచిపోయి, పిస్టల్ పెట్టేటప్పుడు ట్రిగ్గర్‌కు తగిలితే, లివర్ లేని పిస్టల్ పేలొచ్చు. ట్రిగ్గర్ గార్డును పూర్తిగా కప్పే గట్టి పాలిమర్ హోల్‌స్టర్, ఆ మోడల్‌కే కొలిచి చేసింది కావాలి. పైన బొటనవేలితో తెరిచే లాక్ ఉండాలి, వెనక నుంచి ఇంకొకరు లాగితే రాకూడదు. మేడారం జాతర బందోబస్తులో నిలబడ్డ ఎవరినైనా అడగండి, ఆ తోపులాటలో చెయ్యి మాటిమాటికీ నడుము మీదికే పోతుంది, పిస్టల్ ఉందా లేదా అని టెన్షన్. లాన్‌యార్డ్ తాడును (పిస్టల్‌ను ఒంటికి కట్టి ఉంచేది) పాతకాలం వస్తువని తీసేయొద్దు, పిడి కింద దానికి రింగ్ లేని పిస్టల్ కొనొద్దు.

జాతర దుమ్ము, రామగుండం, భూపాలపల్లి వైపు బొగ్గు పొడి, ఇవి పిస్టల్ లోపలికి పోకుండా ఆపలేం. నూనె ఎక్కువ పెడితే ఆ పొడి అంటుకుని ముద్దవుతుంది, పలచగా రాసి తుడవాలి. పిస్టల్ ఆగిపోయిందని తెస్తే నేను ముందు చూసేది మ్యాగజైన్‌నే, పెదవులు వంగడమో స్ప్రింగ్ సడలడమో అయి ఉంటుంది. ప్రతి మ్యాగజైన్‌కు నంబర్ వేసి, మొరాయించినదాన్ని పక్కన పెట్టాలి. కొనేటప్పుడే ఒక్కో పిస్టల్‌కు మూడు నాలుగు మ్యాగజైన్లు తీసుకోవాలి.

రాత్రి గస్తీవాళ్లకు బ్యారెల్ కింద లైట్ బిగించే రైలు ఉంటే మంచిది, కానీ ఆ లైట్‌తో వెతకకూడదు, లైట్ ఎటు తిప్పితే మూతి కూడా అటే తిరుగుతుంది. వెతకడానికి చేతి టార్చ్ వేరే ఉండాలి. ఎర్ర చుక్కతో గురి చూపే రెడ్ డాట్ సైట్లు ఇప్పుడే వద్దు, ముందు అందరికీ ఉన్న గురిపుల్లతో సరిగ్గా కాల్చడం రానివ్వండి.

అధికారులకు నా విన్నపం ఒకటే. కొత్త పిస్టల్ ఏదైనా, ఆర్డర్ ఇచ్చే ముందు మామునూరు ట్రైనింగ్ కాలేజీలో కానిస్టేబుళ్ల చేతికే ఇచ్చి చూడండి, అందులో మహిళలు, ఎడమచేతివాటం వాళ్లు, పొట్టివాళ్లు తప్పకుండా ఉండాలి. హోల్‌స్టర్, మ్యాగజైన్లు, విడి స్ప్రింగులు అదే టెండర్‌లో పెట్టండి. ఎడిటర్ గారూ, ఇకమీదట ఇటువంటి వార్త వచ్చినప్పుడు మీ విలేకరులు ధరతో పాటు ఇంకో మూడు ప్రశ్నలు అడగాలి: చిన్న చేతులవాళ్లు కాల్చి చూశారా, హోల్‌స్టర్ ఏది ఇస్తున్నారు, ఏడాదికి ఒక్కొక్కరికి ప్రాక్టీసుకు ఎన్ని రౌండ్లు ఇస్తారు?

– రిటైర్డ్ ఆర్మరర్, ఆర్మ్‌డ్ రిజర్వ్, హనుమకొండ