నల్లా నీళ్లా, క్యాన్ నీళ్లా?

మున్సిపల్ కమిషనర్ గారికి నమస్కారం.

మా వీధిలో నల్లా నీళ్లతో గిన్నెలు తోముకుంటాం, తాగడానికి 20 లీటర్ల క్యాన్ కొంటాం. ఆ క్యాన్ మీద ఐఎస్‌ఐ గుర్తు లేదు, సీలూ లేదు. అయినా నమ్ముతున్నాం, తియ్యగా ఉంటుందని!

క్లోరిన్ కలిపిన నీళ్లు ఇంటి నల్లాకు చేరేసరికి కూడా లీటరుకు కనీసం 0.2 మిల్లీగ్రాముల క్లోరిన్ మిగలాలని తాగునీటికి ఉన్న భారతీయ ప్రమాణం ఐఎస్ 10500 చెబుతోంది. మాది చివరి ఇల్లు. పైపేమో మురుగు కాలువలోంచి వస్తోంది. సరఫరా ఆగినప్పుడు పగుళ్లలోంచి ఆ మురికి లోపలికి పోతుంది. మా టెన్షనంతా అదే.

నెలకోసారి చివరి నల్లా దగ్గర పరీక్ష చేయించి, ఫలితం వార్డు ఆఫీసు గోడ మీద రాయించండి. క్యాన్ ప్లాంట్లనూ వదలొద్దు. అంకెలు బాగుంటే క్యాన్ మానేస్తాం. మా అత్తమ్మను ఒప్పించడమే కష్టం.

ఇట్లు,
చివరి ఇంటి కోడలు