వెండి ముసుగు నీలమెందుకైందంటే

చందాదారులకు నమస్కారం.

మెక్సికో ముసుగు కుస్తీల ప్రత్యేక సంచిక మీలో కొందరికి అందింది. అందినవారు అట్ట చూసి తికమకపడ్డారు. అందనివారు ఇంకా రాలేదేమని అడుగుతున్నారు. రెండింటికీ కారణం ఒక్కటే. ముఖచిత్రం మీద అక్కడి పేరుమోసిన కుస్తీ వీరుడు ఎల్ సాంతో ఉండాలి. ఆయనది వెండి ముసుగు. అచ్చయి వచ్చింది మాత్రం నీలం ముసుగు.

రంగు కాస్త అటూ ఇటూ కావడమే అయితే ఇంత రాసేవాణ్ణి కాదు. నీలం ముసుగు బ్లూ డెమన్‌ది. సాంతోకు రింగులో ఆయనంత ప్రత్యర్థి మరొకరు లేరు. 1952 నవంబరు 7న సాంతో, బ్లాక్ షాడో తమ తమ ముసుగులు పణంగా పెట్టి తలపడ్డారు. బ్లాక్ షాడో ఓడిపోయి నిండు జనంలో ముఖం చూపించాడు. అతనితో జోడీ కట్టి, అన్నదమ్ములమని చెప్పుకుని బరిలోకి దిగే బ్లూ డెమన్ ఆ పగ మనసులో పెట్టుకుని 1953లో సాంతో నుంచి ప్రపంచ వెల్టర్‌వెయిట్ టైటిల్ లాక్కున్నాడు. సంచికలో పెద్ద వ్యాసం ఈ వైరం గురించే. లోపల ఎవరి పగ గురించి చదువుతున్నారో వాడి ముఖమే అట్ట మీద, కింద సాంతో పేరుతో! "పేరు తప్పు వేశారు, చూసుకోండి" అని ఒక పాఠకుడు ఉత్తరం రాశారు. ఆయన తప్పేమీ లేదు. కానీ ఈ పత్రిక నడిపేవాడికి సాంతో ఎవరో, డెమన్ ఎవరో తెలియదని ఒక్కరు అనుకున్నా నాకు అన్నం సయించదు.

జరిగింది చెబుతాను. వెండి మెరుపు మామూలు నాలుగు రంగుల అచ్చులో రాదు. అందుకని ఐదో రంగుగా సిల్వర్ ఇంకు వేయాలని ప్రెస్సు వారితో ముందే మాట్లాడుకున్నాను. దానికి వేరే ప్లేటు, వేరే డబ్బు. ప్రూఫు మీద ఆ మాట రాసి సంతకం పెట్టాను. ఆ కాగితం నా బీరువాలో ఉంది, ఎవరైనా వచ్చి చూడవచ్చు. ఇంతలో పెళ్లి కార్డుల సీజను వచ్చిపడింది. మిషను ఖాళీ లేదని ఐదో రంగు ఎగరగొట్టి, నాలుగు రంగులతోనే లాగించేశారు. అలా కలిపి తెచ్చే బూడిద రంగులో సయాన్ అనే నీలి ఇంకు పాలు కాస్త ఎక్కువైతే చాలు, అది నీలంలోకి తిరుగుతుంది. తిరిగింది. పైగా మా చిత్రకారుడు వెలుగు కోసం కళ్ల చుట్టూ వదిలిన తెలుపు, బ్లూ డెమన్ ముసుగు కళ్లకు ఉండే అంచులాగా అచ్చంగా కుదిరింది. కావాలని వేయించినా ఇంత బాగా వచ్చేది కాదు.

నాకు చూపించకుండానే మొదటి కట్టలు తపాలాకు వెళ్లిపోయాయి. అడగడానికి వెళితే ప్రెస్సు యజమాని, వయసులో పెద్దాయన, కుర్చీ వేయించి టీ తెప్పించి అన్నమాట ఇది: "అసలు ఆ కుస్తీలే ఉత్తుత్తివంటారు. రంగొక్కటీ నిజం కావాలా నాయనా?"

టీ అక్కడే వదిలేసి వచ్చాను. ఆయనకు చెప్పని జవాబు మీకు చెబుతాను. ఎవరు గెలవాలో ముందే అనుకుంటారన్నది మనకు తెలియనిది కాదు, ఈ పత్రికలో ఏనాడూ దాచలేదు. కానీ ముసుగు పోగొట్టుకున్నవాడు అసలు పేరు బయటపెట్టాలి, ఆ ముసుగు మళ్లీ తొడగకూడదు. అతని బతుకుతెరువు ఆ రాత్రితో మారిపోతుంది. అందులో ఉత్తుత్తి ఏముంది? (ముసుగు కుస్తీల్లో పేరున్న రే మిస్టీరియో 1999లో అమెరికాలో ముసుగు పోగొట్టుకుని 2002లో మళ్లీ తొడుక్కున్నాడు కదా అని అడిగేవారుంటారు. దాని మీద అప్పట్లో ఎంత గొడవ జరిగిందో 40వ పేజీలో రాశాను.) సాంతో 1942 నుంచి ఆ వెండి ముసుగుతోనే కుస్తీ పట్టాడు, యాభైకి పైగా సినిమాల్లో నటించాడు. 1984లో చనిపోవడానికి కొద్ది రోజుల ముందు ఒక టీవీ కార్యక్రమంలో దాన్ని కాస్త పైకి లేపి ముఖం చూపించాడు, అంతే. ముసుగుతోనే సమాధి చేశారు. అలాంటి మనిషికి విజయవాడ ప్రెస్సులో పగవాడి ముఖం తగిలించారు.

ఇప్పుడు నన్ను నిద్ర పోనివ్వని సంగతి. లోపలి పేజీలు బాగానే ఉన్నాయి, చెడింది అట్ట ఒక్కటే. ఒక క్షమాపణ చీటీ పెట్టి పంపేయమని మిత్రులన్నారు. అట్ట మళ్లీ వేయించాలంటే చేతిలో ఉన్నది ఒకే సొమ్ము: వచ్చే సంచికలో దారాసింగ్ వ్యాసానికి ఫొటోల హక్కుల కోసం దాచినది. 1968లో బొంబాయిలో దారాసింగ్ అమెరికా వస్తాదు లూ థెజ్‌ను ఓడించిన పోటీ ఫొటోలవి. మీలో చాలామందికి మెక్సికో కంటే దారాసింగ్ దగ్గరవాడని తెలుసు. టీవీలో ఆయన హనుమంతుణ్ణి చూసి దండం పెట్టిన ఇళ్లే మనవన్నీ. నాకూ ఆ ఫొటోల మీదే ఆశ. రెండూ కుదరవు. ఒక రోజు అట్ట అనుకున్నాను, మర్నాడు ఫొటోలు అనుకున్నాను, మా ఆవిడ చివరికి "ఏదో ఒకటి తేల్చండి, లేకపోతే పత్రిక మూసేయండి" అంది.

అట్టే వేయిస్తున్నాను. దారాసింగ్ వ్యాసం ఫొటోలు లేకుండా రేఖాచిత్రాలతో వస్తుంది, ఆ సంచిక 64 పేజీలకు బదులు 48 ఉంటుంది. కోపం వచ్చినవారు నన్ను తిట్టండి, కానీ నిర్ణయం మారదు. పాఠకుడు మొదట చూసేది అట్ట. అదే అబద్ధమైతే లోపల ఎన్ని నిజాలు రాసి ఏం లాభం?

కొత్త అట్ట వేరే ప్రెస్సులో, సిల్వర్ ఇంకుతో, మిషను పక్కన నేను నిలబడి ఉండగా అచ్చయింది. ప్రస్తుతం మా ముందు గదిలో ఇంటిల్లిపాదీ కూర్చుని పాత అట్టలు విప్పుతున్నాం. నడుమ ఫారం దగ్గర పిన్ను కాళ్లు చాకు మొనతో లేపి, వెనక్కి తిప్పి లాగాలి. తొందరపడితే నడిమి పేజీ చిరుగుతుంది, అక్కడే మెక్సికో నగరంలోని కుస్తీల భవనం అరెనా మెక్సికో రంగుల బొమ్మ ఉంది. మా అబ్బాయి రెండు పాడుచేసి ఇప్పుడు ఆరితేరాడు. అందుకే ఆలస్యం.

నీలం ప్రతి అందినవారు తిప్పి పంపనక్కరలేదు, కొత్త అట్ట విడిగా వస్తుంది. నీలం ప్రతి అపురూపమని దాచుకుంటామని ఇద్దరు ముగ్గురు రాశారు. అది మీ ఇష్టం, నాకైతే ఆ మాట నచ్చలేదు. పేజీలు తగ్గినందుకు చందా గడువు ఒక సంచిక పొడిగిస్తున్నాను. చందా పెంచడం లేదు. పీడీఎఫ్‌గా పంపేయమనేవారికి పాత జవాబే: పంపను. రిజిస్టర్డ్ పోస్టు 2025లో స్పీడ్ పోస్టులో కలిసిపోయింది కాబట్టి, అలా తెప్పించుకునేవారికి కొత్త రుసుము విడిగా తెలియజేస్తాను. చిరునామాలో కొత్త జిల్లా పేరు రాయకపోయినా పరవాలేదు గానీ, పిన్‌కోడ్ మాత్రం సరిచూసుకోండి.

పాత ప్రెస్సు యజమాని మనకు మొదటి సంచిక నుంచీ చందాదారు. చందా ఇంకా ఉంది, నేను ఆపను. ఆయన ప్రతి కూడా వెండి అట్టతోనే వెళుతుంది.