షష్ఠి తీర్థం లోపు చేబదులు నిధి నింపాలి – సుబ్రహ్మణ్యేశ్వర స్వామి ఆలయ కమిటీ విజ్ఞప్తి

భక్త మహాశయులకు, ఊరి పెద్దలకు, ఉద్యోగాల మీద దూరాన ఉన్న మన పిల్లలకు నమస్కారం.

షష్ఠి తీర్థం దగ్గర పడింది. పందిరికి, మేళానికి, బాణసంచాకి, అన్నసంతర్పణకి లోటు లేదు. మీ దయ వల్ల ఏనాడూ ఉండలేదు. లోటంతా సైనిక కుటుంబాల చేబదులు నిధిలోనే. ఆ ఖాతాలో ఇప్పుడున్న డబ్బు ఒక్క ఆసుపత్రి అడ్వాన్సుకి కూడా చాలదు. స్వామి కల్యాణం నాటికి మూడు కుటుంబాలకు సరిపడా, అంటే ఆరు లక్షలు, చేతిలో ఉండాలని కమిటీ తీర్మానించింది. జమాఖర్చులు గుడి నోటీసు బోర్డు మీద ఉన్నాయి, చూసుకోండి. ఎందుకు అడుగుతున్నామో ఇక్కడ చెబుతాం.

మన స్వామి దేవసేనాపతి. సంతానం కోసం, సర్పదోషం పోవడం కోసం మొక్కుకునే స్వామిగా అందరికీ తెలుసు గానీ ఆయన చేతిలో శక్తి ఆయుధం ఎందుకుందో మనకు పెద్దగా గుర్తురాదు. పట్టాళానికి వెళ్లే కుర్రాడు మాత్రం ఈ మెట్ల మీద కొబ్బరికాయ కొట్టకుండా రైలెక్కడు. పశ్చిమ గోదావరిలో మాధవరానికి మిలటరీ మాధవరమని పేరు. మనకి అంత పేరు లేకపోయినా, ఏ వీధిలో ఎవరింటి గోడకి యూనిఫారం ఫొటో ఉందో మీకు చెప్పక్కర్లేదు. ధ్వజస్తంభానికి ఇత్తడి తొడుగు చేయించినప్పుడు పేరు చెక్కించుకోవడానికి వరస కట్టిన ఊరిది. ఆసుపత్రి బిల్లు మీద దాత పేరు చెక్కించలేం. ఈ నిధికి వచ్చిన చిక్కల్లా అదేనేమోనని ఒక్కోసారి అనిపిస్తుంది.

"మిలటరీ వాళ్లకి సర్కారే అన్నీ ఇస్తుంది కదా, మళ్లీ గుడి ఎందుకు?" అని చాలామంది అడుగుతున్నారు. ఇస్తుంది, కాదనం. 2003 ఏప్రిల్ నుంచి పెన్షనుదారులకు ఈసీహెచ్‌ఎస్ అనే మాజీ సైనికుల వైద్య పథకం ఉంది. కార్డు తీసుకుని ఆ పథకం వారి పాలీక్లినిక్‌కి వెళ్లి, రెఫరల్ రాయించుకుని, ఒప్పందం ఉన్న ఆసుపత్రిలో చేరితే జేబులోంచి పైసా తీయక్కర్లేదు. కానీ అర్ధరాత్రి గుండెపోటు వచ్చిన మనిషిని దగ్గర్లో ఏది తెరిచి ఉంటే అక్కడికే తీసుకెళ్తాం. అది ఒప్పందం లేని ఆసుపత్రి అయితే బిల్లు ముందు మనమే కట్టాలి, 48 గంటల్లోగా దగ్గరి పాలీక్లినిక్‌కి తెలపాలి, తర్వాత క్లెయిము పెట్టుకోవాలి. వచ్చే డబ్బు ఆసుపత్రి వేసిన బిల్లు ప్రకారం రాదు, సీజీహెచ్‌ఎస్ (కేంద్ర ప్రభుత్వ ఉద్యోగుల వైద్య పథకం) రేటు ప్రకారం వస్తుంది. బిల్లు లక్ష అయి, ఆ రేటు లెక్కన అరవై వేలే మంజూరైందనుకోండి. తక్కిన నలభై వేలు ఎవరిస్తారు?

చేబదులు నిధి పుట్టింది అందుకే. వడ్డీ లేదు, తాకట్టు లేదు. ఆసుపత్రికి నేరుగా కడతాం, క్లెయిము వచ్చాక కుటుంబం తిరిగి జమ చేస్తుంది. మంజూరైనంతే తీసుకుంటాం. తేడా అడగం, స్వామి ఖాతాలో రాసుకుంటాం. నిధి తరిగేది ఆ తేడా దగ్గరే, ఎవరో ఎగ్గొట్టడం వల్ల కాదు. "ఇచ్చిన డబ్బు తిరిగొస్తుంది కదా, ప్రతి ఏడూ అడుగుతారేం" అనేవారికి ఇదే జవాబు. కొన్ని క్లెయిములు ఇంకా రావలసి ఉన్నాయి, ఆ డబ్బు మునగలేదు. వచ్చేదాకా ఖాతా ఖాళీ.

క్లెయిము వెనక్కి తిరిగొచ్చేది ఎక్కువగా చిన్న కాగితాల వల్లే. డిశ్చార్జి సమ్మరీ ఉంటుంది గానీ అత్యవసరంగా చేర్చుకున్నామని ఆసుపత్రి ఇవ్వాల్సిన సర్టిఫికెట్ ఉండదు. బిల్లు మొత్తం ఒక్క అంకెలో ఉంటుంది, దేనికెంతో విడివిడిగా ఉండదు. స్టెంటు వేస్తే దాని అట్టపెట్టె మీది స్టిక్కరు అతికించాలి, దాన్ని చెత్తబుట్టలో పడేస్తారు. ఇంటికొచ్చాక ఇవన్నీ సంపాదించడం గగనం. అందుకే మంచం పక్కన ఉన్న రోజే అడిగి తీసుకోండి. చీటీ రాసి గుడి ఆఫీసులో పెట్టాం, జిరాక్సు పట్టుకెళ్లి ఇంట్లో బీరువా తలుపుకి అంటించుకోండి.

ఇంటాయన పోయిన ఇంట్లో ముందు వచ్చేది పెన్షను చిక్కు. ఆయన ఖాతాలో మరుసటి నెల పెన్షను పడితే ఏటీఎంలో తీసి దినకర్మలకు వాడేస్తారు. అది తర్వాత వసూలు చేస్తారు, కుటుంబ పెన్షను మొదలవ్వగానే కోత పడుతుంది. మరణం నమోదయ్యే వరకు ఆ ఖాతా ముట్టుకోవద్దు, కర్మకాండకి కావలసింది మమ్మల్ని అడగండి. రెండోది పేరు. సర్వీసు రికార్డులో ఇంటిపేరు ఒక అక్షరంగా ఉంటుంది, ఆధార్‌లో పూర్తిగా ఉంటుంది, పెళ్లయ్యాక ఆవిడ పేరు చివర ఇంకేదో చేరుతుంది. స్పర్శ్ అనే రక్షణ శాఖ ఆన్‌లైన్ పెన్షను వ్యవస్థలో ఈ మూడూ కలవకపోతే దరఖాస్తు కదలదు. పెళ్లి, పిల్లల పుట్టుక పార్ట్ టూ ఆర్డర్‌లో, అంటే యూనిట్ రికార్డుకి పంపే నమోదు పత్రంలో, ఎక్కలేదంటే ఇంకా కష్టం, రికార్డ్ ఆఫీసుకే పోవాలి. ఆర్టిలరీ వాళ్లకి నాసిక్, మద్రాస్ రెజిమెంటుకి వెల్లింగ్టన్, ఈఎంఈకి (ఆర్మీ ఇంజినీరింగ్, మరమ్మతుల విభాగానికి) సికింద్రాబాద్. అఫిడవిట్లు, రైలు చార్జీలు, అక్కడ రెండు రోజుల తిండి ఈ నిధి లోంచే ఇస్తాం. ఉద్యోగంలో ఉన్నవాళ్లు ఈసారి సెలవులో వచ్చినప్పుడు ఈ పేర్లు సరిచూసుకుంటే ఆ ఖర్చూ ఉండదు. ఆయన పోయాక ఈసీహెచ్‌ఎస్ కార్డు కూడా ఆవిడ పేర మార్పించాలి, పాతది పనిచేస్తుందని ఊరుకోకండి.

యుద్ధంలో పోయినవారి కుటుంబానికి చివరి జీతం మొత్తం పెన్షనుగా వస్తుంది. సైనిక సేవతో సంబంధం లేదని తేల్చిన జబ్బుతోనో, ప్రమాదంతోనో సర్వీసులో పోతే వచ్చేది మామూలు కుటుంబ పెన్షను. పదేళ్లు సగం జీతం, ఆ తర్వాత 30 శాతం. మూడేళ్ల పిల్లాడు ఆ పదేళ్లు గడిచేసరికి హైస్కూలులో ఉంటాడు. ఫీజులు పెరిగే వేళకి రాబడి తగ్గుతుంది. కాలేజీ ఫీజుకి వాయిదాలుగా సర్దే ఆలోచన ఉంది, ఖాతా నిండితేనే.

ఇక మా కోశాధికారి గారి ఉపకరణాల గది. ఈ ఉత్తరంలో ఎక్కువ చోటు దానికే పోయిందని తక్కిన సభ్యులం ముందే ఒప్పుకుంటున్నాం. ఆర్మీ మెడికల్ కోర్‌లో నర్సింగ్ అసిస్టెంటుగా చేసిన మనిషి. ఆయన పట్టు పడితే వదలరు, చెప్పేది కాదనడానికీ లేదు. వెన్నెముక దెబ్బతిని మంచాన పడ్డవాళ్ల కోసం కల్యాణ మండపం వెనక గదిలో అరువిచ్చే సామాను పెట్టాలంటారు. పైకీ కిందకీ మడిచే మంచాలు రెండు, గాలి పరుపులు నాలుగు, చక్రాల కుర్చీలు మూడు, కమోడ్ కుర్చీలు రెండు, ఒక చిన్న ఇన్వర్టరు.

ఇన్వర్టరు ఎందుకని అడిగాం. గాలి పరుపులో గదులు వంతులవారీగా నిండుతూ ఖాళీ అవుతూ ఉంటేనే ఒంటి మీద ఒత్తిడి ఒకేచోట పడదు. కరెంటు పోతే పంపు ఆగుతుంది, పరుపు చదునవుతుంది, నడుం కింద ఎముక గట్టి మంచానికి ఆనుతుంది. స్పర్శ లేని మనిషికి అది తెలియదు. చర్మం ఎర్రబడి వేలితో నొక్కినా తెల్లబారలేదంటే పుండు మొదలైనట్టే. ఆ పంపు తీసుకునే కరెంటు చాలా తక్కువ, చిన్న ఇన్వర్టరు రాత్రంతా నడుపుతుంది. పరుపు వచ్చింది కదా అని పక్కకి తిప్పడం మానేయకూడదు, రెండు గంటలకోసారి తిప్పాల్సిందే. పరుపు మీద మందం దుప్పట్లు, ప్లాస్టిక్ షీట్లు వేస్తే దాని పని అది చేయదు. పల్చటి నూలు దుప్పటి ఒక్కటి చాలు. మనిషి పడుకున్నాక పరుపు కింద అరచెయ్యి వెల్లకిలా పెట్టి చూడండి. ఎముక చేతికి తగిలిందంటే గాలి తక్కువైనట్టు.

దయచేసి అటక మీది పాత చక్రాల కుర్చీలు తెచ్చి మా అరుగు మీద దింపకండి. పాదాలు ఆనించే పలకలు లేనివి, బ్రేకు పట్టనివి ఇంతకుముందే వచ్చాయి, తుక్కుకి వేశాం. కుర్చీ వెడల్పు మనిషి తుంటికి అటొక అంగుళం, ఇటొక అంగుళం ఎక్కువుంటే చాలు. మరీ వెడల్పయితే ఒక పక్కకి ఒరుగుతాడు, గుమ్మంలోనూ పట్టదు. కుర్చీలో కూర్చున్నా కింద మెత్త ఉండాలి, పదిహేను ఇరవై నిమిషాలకోసారి చేతుల మీద బరువు మోపి పైకి లేవాలి.

వాలుబాట సంగతి కూడా ఆయన రాయమన్నారు. అడుగు ఎత్తుకి పన్నెండు అడుగుల పొడవు. మన ఇళ్ల అరుగు అడుగున్నర అనుకుంటే పద్దెనిమిది అడుగుల బాట కావాలి. చోటు లేదని అయిదారు అడుగుల్లో కట్టేస్తే ఎక్కేటప్పుడు కుర్చీ వెనక్కి బోల్తా పడుతుంది. చోటు లేకపోతే మధ్యలో చదును పెట్టి మలుపు తిప్పాలి. మేస్త్రీ పని ఉచితంగా చేసిపెట్టేవారుంటే అదీ విరాళమే. ఆ మాటకొస్తే మన గుడి మెట్ల పక్కన కూడా వాలుబాట లేదు. స్వామికి మొక్కి సరిహద్దుకి వెళ్లినవాడు కుర్చీలో తిరిగొస్తే దర్శనానికి నలుగురు మోసుకెళ్లాలి.

పెన్షను లేనివాళ్ల మాట చివరికి పడిపోయింది, నిజానికి ముందు రాయాల్సింది. పదిహేనేళ్లు నిండకుండా ఇంటికొచ్చిన జవానుకి మామూలుగా పెన్షను లేదు, ఈసీహెచ్‌ఎస్ లేదు. హవల్దారు హోదా వరకు, 65 దాటిన అలాంటివారికి, వారి వితంతువులకు రక్షా మంత్రి మాజీ సైనికుల సంక్షేమ నిధి నుంచి నెలకి 4,000 వచ్చేది, 2025 నవంబరు 1 నుంచి పెట్టే దరఖాస్తులకు 8,000 చేశారు. కూతురి పెళ్లికి ఇచ్చేది లక్ష అయింది, కానీ పెళ్లయిన 180 రోజుల్లోగా దరఖాస్తు పడాలి. జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయం ద్వారా వెళ్లాలి, డిశ్చార్జి బుక్కు తప్పనిసరి. 64 ఏళ్లవాళ్లకి, ఇంకా చిన్నవాళ్లకి ఆ నెలసరి సాయమూ లేదు. నాలుగేళ్లకి తిరిగొచ్చే అగ్నివీరులకు సేవానిధి పేరుతో ఒకేసారి డబ్బు చేతికొస్తుంది గానీ పెన్షనూ ఈసీహెచ్‌ఎస్సూ ఉండవు. వీళ్లకి నెలనెలా మందులు ఇప్పించాలంటే తిరిగి రాని డబ్బు కావాలి. చేబదులు కాదు, దానమే.

ఇవ్వదలచినవారు హుండీలో వేయకండి. హుండీలో పడింది దేవాదాయ చట్టం లెక్కలోకి పోతుంది, మేం దీనికి తీయలేం. గుడి ఆఫీసులో ఈ నిధి ఖాతాకి చెక్కు గానీ, బదిలీ గానీ చేసి రసీదు తీసుకోండి. ఆదాయపు పన్నులో విరాళం మినహాయింపు చూపించుకునేవారు 2,000 దాటితే నగదు ఇవ్వకండి, మినహాయింపు రాదు. కొత్త పన్ను విధానం ఎంచుకున్నవారికి ఆ మినహాయింపే లేదు, రసీదు కోసం గుమాస్తాని కంగారు పెట్టకండి. విదేశీ పౌరసత్వం తీసుకున్నవాళ్లు పంపితే, రూపాయల్లో పంపినా, అది విదేశీ విరాళమే. మన ఆలయానికి ఎఫ్‌సీఆర్ఏ (విదేశీ విరాళాల చట్టం) అనుమతి లేదు, అందుకే తీసుకోలేం. అలాంటివారు డబ్బుకి బదులు షష్ఠికి వచ్చినప్పుడు ఒక పూట కూర్చుని నాలుగు దరఖాస్తులు నింపిపెట్టండి, అదే పదివేలు.

1949 నుంచి డిసెంబరు 7 సాయుధ దళాల పతాక దినం. ఆ రోజు బడి పిల్లలు జెండా పట్టుకొస్తే పది రూపాయలిచ్చి చొక్కాకి గుచ్చుకుంటాం. అది సైనిక సంక్షేమానికి పోతుంది, మంచిదే. దాంతో ఈ ఏటికి మన వంతు అయిపోయిందనుకోకండి.

ఒక్క మనవి. డబ్బు ఎవరికిచ్చారని అడగొద్దు. సాయం అందుకున్నవారి పేర్లు మైకులో చదవం, బోర్డు మీదా రాయం. మొత్తాలు మాత్రం పైసలతో సహా కల్యాణానికి ముందు రోజు సాయంత్రం మండపం గోడకి అంటిస్తాం. అనుమానం ఉన్నవాళ్లు రసీదు పుస్తకాలు కూడా చూడొచ్చు, దీపారాధన అయ్యాక గది తెరిచే ఉంటుంది.

ఇట్లు,
ఆలయ కమిటీ సభ్యులు