క్రీడాశాఖ మంత్రి గారికి, మన పిల్లల మనసు కోసం ఒక బహిరంగ లేఖ

మంత్రి గారూ, నమస్తే.

మాది సికింద్రాబాద్, మా అబ్బాయి జూనియర్ హాకీ ఆడతాడు. పోయిన నెల మ్యాచ్‌లో వాడు పెనాల్టీ స్ట్రోక్ మిస్ చేశాడు, టీమ్ ఓడిపోయింది. నేను వెళ్లేసరికి షిన్ ప్యాడ్స్ కూడా విప్పకుండా బెంచీ మీద ఒక్కడే కూర్చున్నాడు, మిగతా పిల్లలు బ్యాగులు సర్దుకుని వెళ్లిపోతున్నారు, ఒక్కడు కూడా వాడి భుజం తట్టలేదు సార్. వాళ్లు చెడ్డ పిల్లలేం కాదు, అలాంటప్పుడు ఏం మాట్లాడాలో వాళ్లకెవరూ నేర్పలేదు అంతే.

పెద్ద టీమ్స్ ఇలా మనసుని గట్టిపరుచుకోవడాన్ని కూడా ప్రాక్టీస్ లాగే చూస్తున్నాయి కదా. 2011 క్రికెట్ వరల్డ్ కప్ గెలిచిన మన టీమ్‌తో పనిచేసిన ప్యాడీ అప్టన్‌నే తర్వాత మన హాకీ టీమ్‌కి మెంటల్ కోచ్‌గా పెట్టారు. 2024 పారిస్ ఒలింపిక్స్ హాకీ క్వార్టర్ ఫైనల్లో మన డిఫెండర్ రోహిదాస్‌కి రెడ్ కార్డ్ పడ్డాక 40 నిమిషాలకు పైగా 10 మందితోనే ఆడి బ్రిటన్‌ని 1-1 దగ్గర ఆపి షూటౌట్‌లో 4-2తో గెలిచారు, అది ఒట్టి ఫిట్‌నెస్‌తో అయ్యే పనా చెప్పండి!

మన క్రికెటర్ సిరాజ్‌నే చూడండి, 2020 నవంబర్లో ఆస్ట్రేలియాలో ఉండగా నాన్న పోయారు, అయినా అక్కడే ఉండి బ్రిస్బేన్‌లో 5 వికెట్లు తీశాడు, టీమ్ వాళ్లు తోడున్నారని తనే చెప్పాడు.

ప్రతి స్పోర్ట్స్ హాస్టల్‌కీ ఒక స్పోర్ట్స్ సైకాలజిస్ట్‌ని పర్మనెంట్‌గా ఇవ్వండి సార్, టోర్నీ ముందు ఒక పూట లెక్చర్ కాదు, రోజూ గ్రౌండ్‌లో పిల్లలతో కూర్చునే మనిషి కావాలి. కోచ్‌లకి కూడా ట్రైనింగ్ ఇప్పించండి. మా వాడు ఇప్పుడు స్ట్రోక్ కొట్టమంటే వెనక్కి జరుగుతున్నాడు, వచ్చే సీజన్ లోపే మొదలుపెట్టండి.